నలభై కుండల తరవాణి

పోలమ్మ తనని తిట్టిందని చెప్పడానికి ఎర్రమ్మ పొద్దున్నే ఫోన్ చేసి ఏడ్చింది.

ల్యాబ్‌లో ఉన్న డాక్టర్ రత్నాలు చేతిలోని గాజు గొట్టాన్ని జాగ్రత్తగా స్టాండులో పెట్టి, మళ్ళీ చెప్పమంది. ఎర్రమ్మ ముక్కు చీదుకుని మళ్ళీ చెప్పింది.

"మీ అత్త నన్ను తిట్టినాదే రత్తాలూ. నా ముక్కుపుడక కాడ మొదలెట్టి మా పుట్టింటోళ్ళ పడవ దాకా ఎల్లిపోనాది. ఆ నోట తిట్టు ఇని ఆరేళ్ళయినాది."

రత్నాలు ఫోన్ పెట్టేసింది. తెల్లకోటు విప్పకుండానే కారెక్కింది. విశాఖపట్నం నుంచి తెట్టుపాలెం గంట ప్రయాణం. ఆ రోజు నలభై నిమిషాలే పట్టింది.

తెట్టుపాలెం రేవులో ఇరవై ఎనిమిదేళ్ళు చేపల వేలం పాట పెట్టిన మనిషి పోలమ్మ. తెప్పలు ఒడ్డుకి రాగానే గంపల మధ్య నిలబడి ఆమె "ఒకటోసారి" అందంటే ఇసుకలో పీతలు కూడా ఆగి వినేవని చెప్పుకునేవారు. అన్న వేటకి వెళ్ళి తిరిగి రాలేదు, వదిన జ్వరంతో పోయింది. వాళ్ళ ఐదేళ్ళ కూతుర్ని చంకనేసుకుని వచ్చి పెంచి, చదివించి, డాక్టరేటు దాకా నడిపించింది పోలమ్మే. ఆ కూతురే రత్నాలు.

అలాంటి పోలమ్మ ఆరేళ్ళ కిందట ఒక పొద్దున రేవుకి వెళ్ళలేదు. ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంది. మర్నాడూ వెళ్ళలేదు. నెల తిరిగేసరికి మాట తగ్గింది, ఆపైన మాటే లేదు. గోడకేసి ముఖం పెట్టుకుని కూర్చునేది. పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఊళ్ళోవాళ్ళు గాలి సోకిందన్నారు. నగరంలో వైద్యులు దిగులు జబ్బన్నారు, వయసన్నారు, ఒంటరితనమన్నారు. మాత్రలు మార్చి మార్చి రాశారు. ఏ మాత్రా ఆ ముఖాన్ని గోడ నుంచి ఇటు తిప్పలేకపోయింది.

ముసలివాళ్ళు మాట్లాడకపోతే ఎవరికీ వింతగా అనిపించదు. రత్నాలుకీ చాలాకాలం అనిపించలేదు. ఒక మధ్యాహ్నం అత్త పక్కన కూర్చోలేక లేచి వీధి వెంట నడుస్తుంటే కనిపించింది. ఎర్రమ్మ మొగుడు గురువులు తాత నులకమంచం మీద కళ్ళు తెరుచుకుని పడుకున్నాడు. దానయ్య గుమ్మంలో, అప్పలకొండ చూరు కింద. అరవై దాటినవాళ్ళలో ప్రతి ముగ్గురిలో ఒకరు అదే చూపుతో ఉన్నారు. అందరి నెత్తురూ తీసుకెళ్ళి పరీక్ష చేసింది. అందరి నెత్తురులోనూ సీసం ఉంది.

వల మునిగేలా అంచుకి కట్టే సీసపు గుళ్ళు ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. అప్పట్లో ఇంట్లోనే పోసుకునేవారు. పాత బ్యాటరీల సీసాన్ని మూకుడులో కరిగించి, మట్టి అచ్చుల్లో పోసి, నడుమ చీలిక ఉండే గుళ్ళు చేసేవారు. వల అంచు తాడుకి గుండు తొడిగాక దాన్ని నొక్కి బిగించాలి. రెండు చేతులూ తాడు మీదే ఉంటాయి కాబట్టి పళ్ళతో కొరికి బిగించేవారు. ఆడవాళ్ళ పని అది. ఒక వలకి వెయ్యి గుళ్ళు. మగవాళ్ళు సీసం పొగలో కూర్చుని కరిగించి పోసేవారు.

ఒంట్లోకి వెళ్ళిన సీసం ఎముకలో దాక్కుంటుంది. ముప్ఫై నలభై ఏళ్ళు అక్కడే నిద్రపోతుంది. ముసలితనంలో ఎముక అరగడం మొదలయ్యాక లేచి నెత్తురులోకి దిగుతుంది. అక్కడి నుంచి మెదడుకి చేరుతుంది. వయసులో ఉండగా వీళ్ళు కొరికిన గుళ్ళు ఇప్పుడు లోపలి నుంచి వీళ్ళని కొరుకుతున్నాయి.

రత్నాలు నాలుగేళ్ళు కష్టపడి ఒక సూక్ష్మజీవిని తయారుచేసింది. ల్యాబ్ పుస్తకంలో దాని పేరు టి-9. పేగులోకి వెళ్ళి, నెత్తురు నుంచి అక్కడికి దిగే సీసాన్ని పట్టుకుని, తనతోపాటు బయటికి తీసుకుపోతుంది. మాత్రలో పెట్టి ఇస్తే తెట్టుపాలెం ముసలివాళ్ళు దిండు కింద దాచేస్తారని ఆమెకి తెలుసు. అందుకే తరవాణిలో పెంచింది. వార్చిన గంజిని కుండలో పోసి, రోజూ కాస్త తీస్తూ, తీసినంత మళ్ళీ పోస్తూ పులియబెట్టిన నీళ్ళే తరవాణి. పొద్దున్నే చద్దన్నంలో పోసుకుని ఉల్లిపాయ నంజుకుంటే వేటకి వెళ్ళినవాడికి మధ్యాహ్నం దాకా ఎండ తెలియదు. వాళ్ళు పుట్టినప్పటి నుంచీ తాగుతున్నదే కాబట్టి ఇది వద్దనరు.

నలభై మంది ముసలివాళ్ళకి నలభై కొత్త కుండలు, ఒక్కోదాని మీద ఒక అంకె. ఇరవై కుండల్లో టి-9 కలిపిన తరవాణి, ఇరవైలో మామూలుది. ఏది ఏదో రత్నాలుకి కూడా తెలియదు. ఆ జాబితా ల్యాబ్ పెద్ద డాక్టర్ భానోజీరావు బీరువాలో, సీలు వేసిన కవరులో ఉంది. రోజుకి ఒక్క గరిటె తాగాలి, అంతకు మించకూడదు. ఇది మొదలుపెట్టి డెబ్భై రోజులైంది.

*

పోలమ్మ గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ముఖం సముద్రం వైపు. ఒళ్ళో చిరిగిన పాత వల ముక్క, దాని ముళ్ళు విప్పుతోంది. కారు దిగి పరిగెత్తుకొస్తున్న మేనకోడలిని ఎగాదిగా చూసింది.

"ఏటా కోటు? గొడ్లాసుపత్రి నుంచి వస్తన్నావా?"

రత్నాలు ఆ కోటుతోనే అక్కడే ఇసుకలో చతికిలబడింది.

ఆ రోజు మధ్యాహ్నం దాకా పోలమ్మ మాట్లాడుతూనే ఉంది. ఆరేళ్ళు కట్టిపెట్టిన మాటలు కట్ట తెగినట్టు వచ్చాయి. ఏ తెప్ప ఎవరిదో, ఏ సంవత్సరం తుపానుకి ఏది ముక్కలైందో చెప్పింది. తాటాకు షెడ్డు కింద పదిహేను మంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని గుళ్ళు కొరికేవారట. అందరి పళ్ళూ ఒక్కసారి టక్కుమనేలా పాట కట్టారట. ఎవరి పన్ను తప్పితే వాళ్ళు ఆ పూట టీ పోయించాలట. ఎర్రమ్మ పన్ను ఎప్పుడూ తప్పేదట. ఎర్రమ్మ పక్కింటి అరుగు మీద నుంచి అది అబద్ధమని అరిచింది. పోలమ్మ వినిపించుకోలేదు.

సీసం కొంచెం తియ్యగా ఉండేదని కూడా చెప్పింది.

"నువ్వు గుంటప్పుడు నా ఒళ్ళో కూకొని ఒక గుండు ఇమ్మని ఏడిసేదానివి, సప్పరించడానికి. ఒక్కటీ నీ నోట ఎట్టనీలేదు. ఈపు సీరేసినాను."

"నీకు అప్పుడే తెలుసా అత్తా, సీసం మంచిది కాదని?"

"నాకేటి తెలుస్తాది? పళ్ళు ఒంకరైపోతాయేమో, ఎవడూ సేసుకోడేమో అనీసి." పోలమ్మ మేనకోడలి నోటికేసి చూసింది. "పళ్ళు బాగానే వచ్చినాయి. అయినా సేసుకోనేదు."

రత్నాలు నవ్వింది. నవ్వుతూనే, చాలా రోజులుగా గొంతులో ఉన్న ప్రశ్న అడిగింది. ఆ గోడలో ఏం కనిపించేది?

పోలమ్మ చేతిలో ముడి ఆగిపోయింది. "ఏటీ నేదు. అదే కనిపించీది. ఏటీ నేదు."

తిరిగి వెళ్ళేటప్పుడు రత్నాలు పాత పాటలన్నీ పాడుకుంటూ కారు నడిపింది. అత్తకి అసలు కుండే దక్కింది, అదృష్టం అనుకుంది. పదిహేడో నంబరు కుండ.

*

తొంభయ్యో రోజున డాక్టర్ భానోజీరావు ఆమెని గదిలోకి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద రెండు కాగితాలు పెట్టాడు. మొదటిది నలభై మంది మనసు పరీక్షల మార్కులు. నలభై మందీ బాగుపడ్డారు.

సగం మందే కదా మందు తాగింది, అందరూ ఎలా బాగుపడతారని ఆయన అడిగాడు. ఆయన రెండో కాగితం ఆమె వైపు తిప్పాడు. అది కవరులోంచి తీసిన జాబితా. పదిహేడో నంబరుకి ఎదురుగా 'మామూలు' అని ఉంది.

రత్నాలు ఆ సాయంత్రమే ఊరికి వెళ్ళి నలభై కుండల్లోంచి, పరీక్షకి సంబంధం లేని మరో ముప్ఫై ఇళ్ళ కుండల్లోంచి శాంపిళ్ళు తెచ్చింది. డెబ్భై కుండల్లోనూ టి-9 ఉంది. అప్పుడు అర్థమైంది ఆమెకి, ఎంత పెద్ద తప్పు చేసిందో.

తెట్టుపాలెంలో ఎవరింట్లోనైనా మనిషి డీలాపడితే ఆ ఇంటి తరవాణి కుండ ఎండనివ్వరు. వీధిలో ఆడవాళ్ళు తలా ఒక ముంత తెచ్చి పోస్తారు. తమ కుండలో తగ్గింది ఇంకొకరి కుండ నుంచి తెచ్చుకుంటారు. పేరుకి వంద కుండలు గానీ ఊరందరికీ తరవాణి ఒక్కటే. ఎర్రమ్మ తన మొగుడి కోసం ఇచ్చిన కుండలోంచి రోజూ ఒక ముంత పోలమ్మ కుండలో పోసింది. ల్యాబ్ కుండలు వచ్చినా అలవాటు మానలేదు. మానాలని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

"ఈ సంగతి మన కాగితాల్లో ఎక్కడుంది రత్నాలూ?" భానోజీరావు గొంతు పెంచలేదు.

"లేదు సార్."

"నీకు తెలియదా?"

"తెలుసు సార్. నేను ఆ ముంతల తరవాణి తాగే పెరిగాను. అది చెప్పాల్సిన సంగతని అనిపించలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పటిదాకా మంచే జరిగింది కాబట్టి గుండె దిటవు చేసుకోమన్నాడు. అయితే కుండ నుంచి కుండకి తిరిగి తిరిగి ఆ జీవి ఇప్పుడు ఏమై ఉంటుందో ముందు చూడమన్నాడు.

చూసేలోపే కబురొచ్చింది. పోలమ్మ మళ్ళీ రేవుకి వెళ్తోంది. చేపల గంప ఎత్తబోతే కుడి మణికట్టు చెరకు గడలా విరిగింది. ఆస్పత్రిలో కట్టు కడుతుంటే వైద్యుడికి తన పెళ్ళినాటి కబుర్లు చెప్పి నవ్వించిందట. ముసలి ఎముక కదా అన్నారు అందరూ. రత్నాలు కూడా అదే అనుకోవాలని చూసింది. నాలుగో రోజున ఎర్రమ్మ మనవరాలు హారిక, నాలుగేళ్ళ పిల్ల, జానెడు ఎత్తు మెట్టు మీద నుంచి జారింది. తొడ ఎముక విరిగింది.

పిల్లకి తరవాణి అలవాటుందా అని ఫోన్‌లో అడిగింది రత్నాలు. ఏ పిల్లకి లేదని ఎర్రమ్మ ఎదురడిగింది. ముసలోడి కుండలోది పుల్లగా బాగుంటుందని రోజూ అదే తాగుతుందట.

రత్నాలు పోలమ్మ కుండలోంచి తెచ్చిన తరవాణిలో మేక ఎముక ముక్కని వేసి ఉంచింది. మూడో రోజు తీసి రెండు వేళ్ళతో నొక్కితే అటుకులా నలిగిపోయింది.

ల్యాబ్‌లో పుట్టిన టి-9 ఒక గరిటె తాగితే పేగులో ఒక్క రోజు బతికి చచ్చిపోయేది. కుండల్లో తిరిగినది అలా కాదు. అది పేగులో కాపురం పెట్టడం నేర్చుకుంది. అక్కడికి దిగిన సీసం అయిపోయాక ఎముకని కరిగించే రసం నెత్తురులోకి వదిలి ఎముకలోది లాగడం నేర్చుకుంది. ముసలివాళ్ళ ఎముకలో సీసంతోపాటు ఎముకకి బలమిచ్చే సున్నాన్నీ లాగుతోంది. పిల్లల ఎముకలో సీసం లేదు కాబట్టి అది లాగేదంతా సున్నమే.

*

భానోజీరావు పరీక్ష ఆపేసి పైవాళ్ళకి రాశాడు. అధికారులు రావడానికి రెండు రోజులు పడుతుంది. ఈలోపు ఊళ్ళో ప్రతి పిల్లా ప్రతి పూటా అదే తాగుతుంది. టి-9 మూడు రోజుల మాత్రలకి చస్తుంది గనక పెట్టెలకొద్దీ మాత్రలు కారులో వేయించాడు. కుండల కోసం వలల షెడ్డు వెనక గొయ్యి తవ్వించి సున్నం పోయించమన్నాడు. ఊరిని ఒప్పించే పని నీదేనని రత్నాలుకి చెప్పాడు.

వలల షెడ్డులో ఊరు కూడింది. రత్నాలు ఏదీ దాచలేదు. తన తప్పూ చెప్పింది, నలిగిన ఎముక సంగతీ చెప్పింది. తరవాత అందరూ ఒక్కసారే మాట్లాడారు. మా అయ్య మళ్ళీ వల అల్లుతున్నాడని ఒకడు, మా అమ్మ నన్ను పేరుపెట్టి పిలిచిందని ఒకామె. ఏళ్ళ తరబడి ఇంట్లోనే తప్పిపోయిన మనుషులు దొరికారు, మళ్ళీ పారేసుకోమంటే ఎలా అని అందరిదీ ఒకటే మాట.

ఎర్రమ్మ లేచింది. కట్టుతో ఉన్న హారిక ఆమె చంకలోనే ఉంది.

"పిల్లకి ఇంక పొయ్యను, ఒట్టు. దీని కాలు అతుక్కుంటాదని డాక్టరు సెప్పినాడు. నా ముసలోడు ఆరేళ్ళకి నవ్వినాడే రత్తాలూ. ఆ నవ్వు ఇరిగిపోతే ఎక్కడ అతికించుకోమంతావు?"

మేమే తాగుతాం, పిల్లలకి పొయ్యం అని అందరూ అందుకున్నారు. ఒక ఇంటి కుండ ఒక ఇంట్లో ఆగదని రత్నాలు ఎంత చెప్పినా వినలేదు. వాళ్ళు మాట తప్పే మనుషులు కాదు. కానీ పక్కింటి పిల్ల ఆకలేసి వస్తే ముంత అందించకుండా ఉండగలిగిన మనుషులు కూడా కాదు.

కట్టు కట్టిన చేతిని మెడకి వేలాడేసుకుని స్తంభానికి ఆనుకుని కూర్చున్న పోలమ్మ అప్పుడు అడిగింది.

"రత్తాలూ. ఆ మాత్రలేసుకుంటే నాకేటవుతాది?"

రత్నాలుకి అబద్ధం చెప్పాలనిపించింది. అత్తకి అబద్ధం చెప్పి నెగ్గిన రోజు ఆమె జీవితంలో ఒక్కటి కూడా లేదు.

"నీ ఎముకల్లో మూడోవంతు సీసమే పోయిందత్తా. మిగిలింది మళ్ళీ నెత్తురులోకి వస్తుంది. నెలన్నర, రెండు నెలలు."

"తరవాత గోడేనా?"

"ఊఁ."

పోలమ్మ లేచి వెళ్ళిపోయింది. ఆమె మనసు నొచ్చుకుందనుకున్నారు. కాసేపటికి పదిహేడో నంబరు కుండని ఎడమ చంకన పెట్టుకుని తిరిగొచ్చింది. సున్నపు గొయ్యి గట్టు మీద నిలబడింది. ఊపిరి పీల్చుకుంది.

ఆ గొంతు లేచేసరికి షెడ్డులో వయసు మళ్ళినవాళ్ళందరూ తమకి తెలియకుండానే లేచి నిలబడ్డారు. రేవులో పాట మొదలైనప్పుడు అలాగే లేచేవారు.

"పాట ఎట్టుకుంటన్నాను, ఇనండి. కుండ నాది. ఇందులో నా మాట ఉన్నాది, నా తిండి రుచి ఉన్నాది, పొద్దున్నే లెగాలనే బుద్ధి ఉన్నాది. దీనికి హారిక కాలు పాట. ఎవులైనా ఎక్కువ పాడతారా?"

ఎవరూ కదల్లేదు.

"ఏటర్రా, రేవులో అందరూ నన్ను మించినోళ్ళే కదా. పాడండి. ఇంకా ఎవులి పిల్ల కాలు ఎడతారు? ఎవులి సెయ్యి ఎడతారు?" ఆమె ముఖాలన్నీ ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. "ఒకటోసారి."

సముద్రం హోరు వినిపించింది.

"రెండోసారి."

ఎర్రమ్మ పిల్లని ఇంకో చంకకి మార్చుకుంది. కళ్ళు తుడుచుకోలేదు.

"మూడోసారి," అని పోలమ్మ కుండని గొయ్యిలోకి వదిలేసింది. సున్నం బుసబుస పొంగింది.

ఆ తరవాత ఎవరూ ఎవరినీ పిలవలేదు. ఎర్రమ్మ పిల్లని కోడలికి అందించి ఇంటికి వెళ్ళింది. కుండతో వచ్చింది. ఆమె వెనక గురువులు తాత తానే సొంతంగా నడిచొచ్చి, పెళ్ళాం చేతిలోంచి కుండ తీసుకుని, తన చేతులతోనే గొయ్యిలో జారవిడిచాడు. పొద్దు వాలేలోపు తెట్టుపాలెంలో ఒక్క పాత కుండ మిగల్లేదు. మాత్రలు గడపగడపకీ ఎర్రమ్మే పంచింది.

*

నాలుగో రోజు రత్నాలు ఒక చిన్న చల్లని పెట్టెతో వచ్చింది. తలుపు దగ్గరికి వేసి పెట్టె తెరిచింది. లోపల బొటనవేలంత సీసా, అందులో ల్యాబ్‌లో మిగిలిన పదిహేడో కుండ తరవాణి.

ఊళ్ళో వద్దు, నాతో విశాఖపట్నం వచ్చెయ్యి అంది. నా ఇంట్లో నువ్వు, నేను తప్ప ఎవరూ ఉండరు. వంటింటికి తాళం వేసుకుందాం. సున్నం మాత్రలు రెండింతలు ఇస్తాను. ఎముకలు కొంచెం విరిగితే విరుగుతాయి, నువ్వు మాత్రం నువ్వులా ఉంటావు. ఇదంతా ఆమె గబగబా చెప్పేసింది. ఇది తెలిస్తే తన ఉద్యోగం పోతుందన్న సంగతి మాత్రం చెప్పలేదు.

పోలమ్మ సీసాని వెలుతురుకి పెట్టి చూసింది. మూత తీసి వాసన కూడా చూసింది.

"బాగా పులిసినాది," అంది మెచ్చుకోలుగా. లేచి పెరట్లోకి వెళ్ళింది. గొయ్యికి పోను మిగిలి అక్కడ పోసిన సున్నం కుప్ప మీద సీసా బోర్లించి వచ్చి మళ్ళీ కూర్చుంది.

రత్నాలు నిర్ఘాంతపోయింది. "అత్తా, నాలుగేళ్ళు... నీ కోసమే చేశాను అది."

"తెలుసు. తలుపేసుకుని తాగీదాన్ని తరవాణి అనరు గుంటా. నాకు సేతకాదు. నీ ఇంట్లో పనిమనిషి పిల్లనెట్టుకుని వస్తాది. ఎండన పడి వచ్చినాది కదాని ఒక ముంత పోసెత్తాను. నా సంగతి నాకు తెలీదేటి?"

రత్నాలు తల వంచుకుంది. ఏడుపు ఆపుకోవాలని చూసింది గానీ ఆగలేదు. పోలమ్మ ఎడమచేత్తో ఆమె గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఇదే వొద్దంతన్నాను. ఆరేళ్ళూ ఆదివారం ఆదివారం వచ్చీదానివి. నా ఎనకాల కూకొని ఇలాగే ఏడిసి, మూతి తుడుసుకుని ఎల్లిపోయేదానివి. నాకు ఇనపడీది."

రత్నాలు కళ్ళు పెద్దవయ్యాయి. "నీకు... వినపడేదా?"

"సెవుల్లో ఏటి, సీసం పోసినారా? అన్నీ ఇనపడీవి. తిరిగి సూద్దారంటే ఒల్లు కదిలీది కాదు, ఎందుకు తిరగాలో తెలిసీది కాదు. రేవులో ఏటి పడినాదో, ఎవులు లేసిపోయినారో, ఎవులు తన్నుకున్నారో, ఏదో ఒకటి సెప్తావేమో అనీసి ఎదురు సూసీదాన్ని. ఒక్క ముక్క సెప్పనేదు నువ్వు. సదువుకున్నదానివి, వాగడం మర్సిపోనావు."

*

పోలమ్మకి యాభై మూడు రోజులు దక్కాయి. అన్ని రోజులూ రేవుకి వెళ్ళింది. కట్టు ఉన్న చెయ్యి కదలకపోయినా పాట పెట్టింది. సాయంత్రాలు ఒకప్పుడు తాటాకు షెడ్డు ఉన్న చోటికి మేనకోడలిని నడిపించుకెళ్ళి ఎవరు ఎక్కడ కూర్చునేవారో చూపించింది. ఆ పదిహేను మందిలో బతికి ఉన్నది ఇద్దరే. హారిక కాలికి కట్టు విప్పిన రోజు పాయసం వండింది. ల్యాబ్‌లో భానోజీరావు, రత్నాలు కొత్త జీవి మొదలుపెట్టారు. ఎక్కడా కాపురం పెట్టనిది, ఏ కుండలో పోసినా మర్నాటికి చచ్చిపోయేది కావాలి. ఏడాది పట్టవచ్చు, మూడేళ్ళు పట్టవచ్చు.

యాభై నాలుగో రోజు పొద్దున రత్నాలు రేవు మీదుగా వచ్చేసరికి ఎర్రమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పక్కకి తప్పుకుంది.

పోలమ్మ గోడకేసి కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకోలేదు. పెట్టిన అన్నం పెట్టినట్టే ఉంది.

రత్నాలు చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది. ఆమె వెనక కూర్చోలేదు. పక్కన చాప పరుచుకుని, భుజానికి భుజం ఆనించి, తానూ గోడకేసే కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో నిజంగానే తెలియలేదు ఆమెకి.

"ఇయ్యాల దానయ్య పడవకి కోనాం సేపలు పడినాయత్తా," అంది చివరికి. "పెద్దయ్యే. నువ్వు లేవని బేరగాళ్ళు తగ్గించి అడిగినారు. ఎర్రమ్మ పాట ఎట్టబోనాది. గొంతు రానేదు, అందరూ నవ్వినారు. అప్పుడేటైనాదంటే..."

పోలమ్మ తిరగలేదు. రత్నాలు ఆపలేదు. దానయ్య పడవ అయ్యాక అప్పలకొండ కొడుకు పడవ సంగతి ఎత్తుకుంది.